తప్పు ఎరుగని చేయి

జులై 9, మంగళవారం

అత్తయ్యకు ఇప్పుడు బాగానే ఉంది. ముందు ఆ మాట రాసుకుని మిగతాది తర్వాత రాస్తాను.

పొద్దున ఎప్పటిలాగే షుగరు ఇంజెక్షను కోసం డాక్టరు బాబాయి క్లినిక్కుకి వెళ్లింది. వీధి చివరే కదా, ఒక్కతే వెళ్తుంది, ఆయనతో కాసేపు కబుర్లాడి వస్తుంది. నేను కాలేజీకి తయారవుతుంటే తిరిగొచ్చి కుర్చీలో కూలబడింది. ఒళ్లంతా చెమట. నన్ను పిలవబోయి మా ఆడబిడ్డ పేరు అంది, తర్వాత ఆ పేరూ నోట్లోనే ముద్ద కట్టుకుపోయింది. పక్షవాతం అనుకున్నాను. ఏం చెయ్యాలో తోచక నిలబడి ఉండగా క్లినిక్కులో నర్సు ఖతీజా ఆపా చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది. నన్నేమీ అడగలేదు. చేతిలోని గ్లూకోజు నీళ్లలో కలిపి చెంచాతో పోసింది. కాసేపటికి అత్తయ్య చూపు కుదుటపడింది.

"రెండుసార్లు పొడిచాడే," అంది అత్తయ్య, తేరుకున్నాక. "డాక్టరు కదా, రెండోది కూడా కావాలేమో అనుకున్నా."

మా అత్తగారు బుల్లెమ్మ ఎవరినీ ఊరికే వదిలే మనిషి కాదు. కూరగాయల వాడితో కొసరు కోసం గంట సేపు పోట్లాడుతుంది. ఆయన రెండోసారి సూది ఎత్తితే మాత్రం మారు మాట్లాడకుండా చెయ్యి చాపింది.

ఖతీజా ఆపా వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. తను లోపల ఎవరికో కట్టు కడుతోందట, చూసేలోపే అయిపోయిందట. "పెద్దాయన, ఒక్కసారి మర్చిపోయిండు. బయట అనకుండ్రి మేడం."

అననని చెప్పాను. ఆమె వెళ్లిపోయాక ఒక సంగతి తట్టింది. ఒక్కసారి మరిచిపోయిన మనిషి కోసం గ్లూకోజు అంత సిద్ధంగా ఎందుకు పెట్టుకుంది?

జులై 10

ఈయన పాల్వంచలో డ్యూటీ దిగి వచ్చాక చెప్పాను. తల్లి పక్కన కూర్చుని ఆమె చెయ్యి చాలాసేపు పట్టుకున్నారు. తర్వాత నాతో, "ఆయనకు మొహం మీద చెప్పు. చెప్పలేకపోతే మెడికల్ కౌన్సిల్‌కి రాయి. రెంటిలో ఏదో ఒకటి చెయ్యి ఉదయా," అన్నారు.

నేనే చెబుతానన్నాను. మా ఆయన బలరాం గారికి బాబాయి ఊరి డాక్టరు మాత్రమే. నాకలా కాదు. నాన్నకు తోడబుట్టకపోయినా బాబాయే. మధిర వైపు నుంచి ఇద్దరూ ఒకే బస్సులో ఇక్కడికి వచ్చారు, నాన్న పొలం కొన్నాడు, బాబాయి డాక్టరు బోర్డు కట్టాడు. గోదావరి ఊరి మీదకొచ్చిన ఏడాది కరకట్ట మీద టార్పాలిన్ కట్టించి పురుళ్లు పోశాడు. నా కూతురు ఆ టార్పాలిన్ కిందే పుట్టింది. అలాంటి మనిషికి "నీ బుర్ర సరిగ్గా లేదు బాబాయ్" అని ఏ మాటలతో చెప్పాలి? తెలుగు పాఠాలు చెప్పి బతికేదాన్ని, ఆ ఒక్క వాక్యం నాకు కుదరడం లేదు.

జులై 14, ఆదివారం

వెళ్లాను. చెప్పలేదు. జామకాయలు ఇచ్చాడు.

జులై 15

జామకాయల మీద తోసేయడం సరి కాదు. నేను వెళ్లేసరికి చర్ల వైపు నుంచి వచ్చిన ఒక ముసలాయన కాలు చూస్తున్నాడు. ఎంత ఓపికగా చూశాడు. పుండు కడిగి, కట్టు కట్టి, మళ్లీ ఎప్పుడు రావాలో రెండుసార్లు చెప్పాడు. పక్కన ఖతీజా ఆపా ఒక్కొక్కటే చేతికందిస్తూ, అందించేది ఏమిటో నెమ్మదిగా పైకి అంటోంది. అయొడిన్, సార్. దూది, సార్. పాత అలవాటే అయి ఉంటుంది.

చెయ్యి వణకలేదు. నేను చూశాను. మనిషన్నాక ఒకసారి మరపు రాదా? నేనూ మొన్న ఒకే పాఠం ఒకే తరగతికి రెండుసార్లు మొదలుపెట్టాను.

పిల్లలు నవ్వారు. నా తప్పుకు నవ్వితే సరిపోయింది.

జులై 28, ఆదివారం

గోదావరి ఎర్రగా ఉంది. జాకెట్టు బట్ట కోసం మహబూబ్ అలీ గారి దుకాణానికి వెళ్తే ఆయనే మాట ఎత్తారు. వ్యాపారుల సంఘానికి పెద్ద, బాబాయికి సాయంత్రం చదరంగం జోడీ. ఈ మధ్య బాబాయి ఆయన్ని ఎప్పుడో చనిపోయిన ఆయన అన్న పేరుతో పిలుస్తున్నాడట. ఒకే మాత్ర ఒకే చీటీలో రెండుసార్లు రాస్తే మందుల షాపు వాడే ఒకటి కొట్టేసి ఇచ్చాడట.

నేను అత్తయ్య సంగతి చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. ఊళ్లో తలుపు తలుపుకీ ఒక కథ ఉన్నట్టుంది. ఎవరి కథ వాళ్లు దాచుకుని, అది ఒక్కటే అనుకుంటున్నారు.

కౌన్సిల్ మాట నేను తెస్తే చెవులు మూసుకున్నారు. "తోబా. గా వయసుల ఆయనను బోనెక్కిస్తమా మేడం? ఇజ్జత్ తోని పంపిద్దాం. సన్మానం చేద్దాం. శాలువా కప్పినంక మనిషి తనంతట తనే సెలవు తీస్కుంటడు."

నాకు ఎంత హాయిగా అనిపించిందో రాయడానికి సిగ్గుగా ఉంది. నిజమే కదా, మా ఊళ్లో సన్మానం అంటే అదే. హెడ్మాస్టరుకి, బ్యాంకు మేనేజరుకి, పోస్టుమాస్టరుకి, అందరికీ శాలువా కప్పాకే కుర్చీ ఖాళీ అయింది. ఎవరి నోటితోనూ "ఇక చాలు" అని అనక్కర్లేదు. శాలువాయే చెబుతుంది.

సన్మాన పత్రం రాయడం నా వంతు. ఆ సంగతి వేరే చెప్పాలా.

ఆగస్టు 4, ఆదివారం

పత్రం పూర్తయింది. మొదట "సుదీర్ఘ సేవ అనంతరం విశ్రాంతి తీసుకుంటున్న శుభవేళ" అని రాశాను. చదువుకుంటే గెంటేసినట్టుంది. కొట్టేశాను. "సేవా తపస్వీ" అని పెట్టాను. చివర ఒక వాక్యం దానంతటదే వచ్చింది: "కత్తి పట్టినా కరుణ వీడని ఈ చేయి తప్పు ఎరుగదు." బాగుంది. గట్టిగా చదివితే ఇంకా బాగుంది.

సాయంత్రం మహబూబ్ అలీ గారి దుకాణం వెనక మగ్గం వర్కు చేసే అమ్మాయిని చూశాను. పేరు జెబా. శాలువా అంచు మీద జరీతో బాబాయి పేరు కుడుతోంది. చట్రం మీదికి వంగి, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య కొక్కెం సూదిని తిప్పుతుంటే అది పిట్ట గింజలు ఏరినట్టు పైకీ కిందికీ పోతోంది. ఎంత కాలంగా చేస్తున్నావని అడిగితే తలెత్తకుండానే, "సూది పట్టుకునే పుట్టినా అంటది మా అమ్మి," అంది.

ఆగస్టు 18, ఆదివారం

సన్మానం అయింది.

హాలు నిండింది. బయట కూడా నిలబడ్డారు. నేను పత్రం చదివాను. ఆ చివరి వాక్యానికి చప్పట్లు ఆగలేదు, రెండోసారి చదవమన్నారు, చదివాను. శాలువా కప్పారు. పేరు జరీలో మెరుస్తోంది. ఇప్పుడు సెలవు మాట అంటాడని నేనూ, మహబూబ్ అలీ గారూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

బాబాయి మైకు అందుకున్నాడు. ఇంటి దగ్గర కూర్చోవాలని ఈ మధ్య తనకే అప్పుడప్పుడూ అనిపిస్తోందన్నాడు. "కానీ ఇవాళ ఇంతమంది ఆశీర్వదించాక ఇంట్లో కూర్చుంటే పాపం తగులుతుంది. రేపటి నుంచి సాయంత్రం పూట కూడా చూస్తాను."

చప్పట్లు. మహబూబ్ అలీ గారు కొట్టారు. వెనక వరసలో ఖతీజా ఆపా మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

బయటికొచ్చాక తేలింది, ఇది వీడ్కోలు సన్మానమని ఆయనతో ఎవరూ అనలేదని. మహబూబ్ అలీ గారు నేను చెప్పాననుకున్నారు. నేను ఖతీజా ఆపా చెప్పిందనుకున్నాను. ఆమె, అంత చదువుకున్న మీరుండగా నేనేం చెబుతానంది.

నేనూ చప్పట్లు కొట్టాను. రాయకుండా వదిలేద్దామనుకున్నాను.

ఆగస్టు 19

సాయంత్రం క్లినిక్కు ముందు వరస రోడ్డు దాకా ఉంది. పత్రం అద్దంలో కట్టించి గోడకు పెట్టాడట. అత్తయ్యకు ఇంజెక్షను నేనే ఇవ్వడం నేర్చుకున్నాను. మా ఇంటి వరకు సమస్య తీరింది.

సెప్టెంబర్ 16, సోమవారం

జెబా వేలు తీసేశారు.

సెప్టెంబర్ 17

నిన్న ఇంకేమీ రాయలేకపోయాను.

సూది గుచ్చుకుని గోరుచుట్టు లేచిందట. ఎంత చిన్న సంగతి. చీము తీయడానికి బాబాయి వేలికి మత్తు ఇచ్చి, నెత్తురు కారకుండా వేలి మొదట్లో రబ్బరు బిగించాడు. పని శుభ్రంగానే చేశాడట. తర్వాత ఆ రబ్బరు విప్పకుండా దాని మీదే కట్టు కట్టేశాడు. ఆ రోజు ఖతీజా ఆపా చెల్లెలి కూతురి నిశ్చితార్థానికి పాల్వంచ వెళ్లింది.

ఇంటికెళ్లాక పిల్ల నొప్పితో మెలికలు తిరిగింది. తల్లి క్లినిక్కుకి ఫోను చేస్తే బాబాయే ఎత్తి, కోసాక నొప్పి మామూలేనమ్మా, కట్టు మాత్రం విప్పొద్దు అన్నాడు. వాళ్లు విప్పలేదు. డాక్టరు వద్దన్నాక ఎవరు విప్పుతారు? వాసన మొదలయ్యాక ఇక్కడి పెద్ద దవాఖానాకి తీసుకెళ్లారు. అక్కడ కట్టు విప్పితే వేలు నల్లగా ఉంది. ఖమ్మం పంపారు. కుడి చేతి చూపుడు వేలు.

గోరుచుట్టు మీద రోకటిపోటు అని తరగతిలో ఎన్నిసార్లు వాడానో ఆ సామెతని.

సెప్టెంబర్ 19

ఖతీజా ఆపా వంటింట్లో నేల మీద కూర్చుని ఏడ్చింది. "నేనుంటే ఇప్పుదును మేడం. నేనుంటే ఇప్పుదును."

ఇంతకు ముందు ఎన్నిసార్లు విప్పావు ఆపా అని అడిగాను. కొంగుతో మొహం తుడుచుకుని లేచి వెళ్లిపోయింది.

ఆమెను అడిగే హక్కు నాకెక్కడిది? నేను రాసింది మాటలే, ఆమె ఆయన చేతి పక్కనే ఉంది. అలా అనుకున్నాను. తర్వాత ఇంకోలా అనుకున్నాను. ఆమె ఉన్నంతసేపూ ఎవరి వేలూ పోలేదు.

సెప్టెంబర్ 29, ఆదివారం

జెబాను చూడ్డానికి వెళ్లాను. పండ్లు తీసుకెళ్లాను, వేరే ఏం తీసుకెళ్లాలో తెలియక. చట్రం గోడకి ఆనించి పెట్టి ఉంది. చెయ్యి దిండు మీద పెట్టుకుని కూర్చుంది. ఆయన దగ్గరికే ఎందుకు వెళ్లావని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"మా అన్న పెద్ద దవాఖానాకి పోదమన్నడు. నేనే వద్దన్న. మీరు చదివింది విన్న గద మేడం, హాల్ల. తప్పు ఎరుగని చెయ్యి అని."

నిష్ఠూరంగా అనలేదు. నేను అడిగాను గనక చెప్పింది, అంతే.

అక్టోబర్ 1

నేను రాసింది మాటలే. సన్మాన పత్రంలో ఎవరైనా అలాగే రాస్తారు. అందులో ఉన్నది నిజమని ఎవరనుకుంటారు?

సూది పట్టుకుని పుట్టిన పిల్ల అనుకుంది.

అక్టోబర్ 20, ఆదివారం

జెబా అన్న కౌన్సిల్‌కి ఫిర్యాదు పంపాడు. ఊరంతా అతని మీద విరుచుకుపడుతోంది. ముసలాయన ఉసురు పోసుకుంటాడని టీ కొట్టు దగ్గర వినిపించేట్టే అంటున్నారు. మహబూబ్ అలీ గారు రాజీ కోసం వాళ్లింటికి వెళ్లారు, పిల్ల పెళ్లి బాధ్యత తనదన్నారట. జెబా ఆయనకిచ్చిన జవాబు ఆయనే నాకు చెప్పారు, కళ్లు ఎటో పెట్టి.

"చాచా, ఆయనకు మీరు శాలువా కప్పిర్రు. నాకు ఆయన కట్టు కట్టిండు. కింద ఏమున్నదో ఎవరన్న ఇప్పి సూసిర్రా?"

చెప్పి, గిరాకీ కోసం బట్ట కొలవడం మొదలుపెట్టారు.

జనవరి 22, బుధవారం

బాబాయి తరఫు వకీలు వచ్చాడు. వచ్చే నెల హైదరాబాద్‌లో విచారణ. సన్మాన పత్రం వాళ్లు దాఖలు చేశారట, ప్రజల నమ్మకానికి రుజువుగా. నేను వచ్చి అది రాసింది నేనేనని చెబితే చాలట. అబద్ధం ఆడమనడం లేదు కదా అన్నాడు.

లేదు. అదే నన్ను పట్టుకుంది. ఒక్క అబద్ధం కూడా ఆడకుండా ఎంత పని చేయవచ్చో.

వస్తానన్నాను. ఈయన విని, "ఎవరి వైపు?" అన్నారు. తెలియదన్నాను.

ఫిబ్రవరి 20, గురువారం. హైదరాబాద్

చిన్న గది. పొడవాటి బల్లకి అవతల సభ్యులు. ఇవతల ఒక కొసన జెబా, వాళ్లన్న. ఇంకో కొసన బాబాయి, తెల్ల చొక్కా, ఇస్త్రీ మడత నలగలేదు. నన్ను చూసి పక్క కుర్చీ చూపించాడు. కూర్చున్నాను. ఎక్కడ కూర్చున్నానో అప్పటికి తట్టలేదు.

పత్రం నేనే రాశానని చెప్పాను. వకీలు చాలన్నట్టు తల ఊపాడు. సభ్యుల్లో ఒకావిడ, నా ఈడుదే, కళ్లద్దాలు తీసి అడిగింది. "ఇది రాసే నాటికి ఆయన మరపు గురించి మీకేమైనా తెలుసా?"

తెలియదంటే సరిపోయేది. విన్నాను గాని చూడలేదన్నా సరిపోయేది. ఆ రెండు వాక్యాలూ నాలో తయారుగా ఉన్నాయి. జెబా నా వైపు చూడటం లేదు. బల్ల మీద చెయ్యి పెట్టి, మిగిలిన వేళ్లతో బల్ల అంచు మీద లేని డిజైను ఏదో గీస్తోంది.

తెలుసన్నాను. మా అత్తగారికి ఒకే పొద్దున రెండు ఇంజెక్షన్లు ఇచ్చాడనీ, అది దాచి ఆ పత్రం రాశాననీ చెప్పాను. వకీలు కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

బాబాయి నా వైపు తిరిగాడు. "బుల్లెమ్మకా? రెండుసార్లా?" అన్నాడు. అవునన్నాను. ఆయన కాసేపు తన అరచేతుల్లోకి చూసుకున్నాడు.

"నాకు చెప్పొచ్చుగా అమ్మాయ్."

కోపం లేదు. చిన్నప్పుడు నేను జ్వరం దాచి బడికి వెళ్లి పడిపోతే ఎత్తుకొచ్చి మంచం మీద వేశాడు, అప్పటి గొంతు.

ఫిబ్రవరి 21

చెబితే మానేసేవాడా? మానేసేవాడేమో. నన్ను కసిరి పంపేవాడేమో. ఈ రెంటిలో నన్ను నిద్ర పోనివ్వనిది ఏదో తేల్చుకోలేను. తెలుసుకునే వీలుండగా తెలుసుకోలేదు, అంతే.

మార్చి 27

ఉత్తర్వు వచ్చింది. వైద్యుల జాబితా నుంచి బాబాయి పేరు తీసేశారు. మతిమరుపు జబ్బని పరీక్షల్లో తేలింది. బోర్డు విప్పిస్తుంటే జనం గుమిగూడారు. నన్ను చూసి ఇద్దరు ముగ్గురు మొహం తిప్పుకున్నారు. కాలేజీలో ఎవరూ ఏమీ అనరు, నేను గదిలోకి వెళ్తే మాత్రం మాట ఆగుతుంది.

ఏప్రిల్ 13, ఆదివారం

జెబా ఇంటికి వెళ్లాను. చట్రం మీద ఇప్పుడు పిన్ని కూతురు కూర్చుంటోంది, జెబా పక్కనుండి గుడ్డ మీద డిజైను గీసి ఇస్తోంది. నడిమి వేలితో సూది తిప్పడం సాధన చేస్తోందట, దారం తెగుతోందట. నేను ఏదో అనబోయాను. క్షమించమనే అయి ఉంటుంది. ఆమె అడ్డొచ్చింది.

"మీరు ఆడికొచ్చి నిజం చెప్పిర్రు. మంచిదే. జల్దీ చెప్పుంటే ఇంక మంచిగుండేది."

టీ ఇచ్చింది. తాగి వచ్చాను.

మే 6, మంగళవారం

రోజూ సాయంత్రం క్లినిక్కు వెనకే ఉన్న ఇంట్లో బాబాయి దగ్గర కూర్చుంటున్నాను. ఖతీజా ఆపా జీతం లేకపోయినా అక్కడే ఉంది. క్లినిక్కు ఎందుకు మూసి ఉందని ఆయన అడిగినప్పుడల్లా, సున్నం వేస్తున్నరు సార్ అని చెబుతోందట. మంచి అబద్ధం. ఎవరికీ నొప్పి లేదు. నేను కూడా రెండు రోజులు అదే చెప్పాను.

ఇవాళ నేను వెళ్లేసరికి క్లినిక్కు తలుపు తీసి ఉంది. చర్ల వైపు నుంచి వచ్చిన తల్లి ఒకామె, జ్వరంతో వేలాడుతున్న పిల్లాణ్ని బల్ల మీద పడుకోబెట్టింది. బాబాయి సిరంజిలోకి మందు ఎక్కిస్తున్నాడు. గోడకి నా పత్రం ఇంకా ఉంది. "సున్నం వేసేవాళ్లు ఎవరూ కనపడలేదు అమ్మాయ్, అయిపోయిందనుకున్నా," అన్నాడు.

సిరంజి ఆయన చేతిలోంచి నేనే తీసుకున్నాను. ఇచ్చేశాడు, ఎందుకని అడగలేదు. ఖతీజా ఆపా వెనక గదిలోంచి పరిగెత్తుకొచ్చి పిల్లాణ్ని చంకనెత్తుకుని ఆ తల్లితో ఆటోలో పెద్ద దవాఖానాకి వెళ్లింది. గోడ మీది పత్రం దించి మంచం కిందకి తోశాను. తర్వాత ఆయన్ని వసారాలో కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. అత్తయ్య, జెబా, రబ్బరు, హైదరాబాద్, బోర్డు. మొదటిసారి విన్నట్టే విన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. "నాకు చెప్పొచ్చుగా," అన్నాడు.

మే 7

బాబాయి మళ్లీ తాళం చెవి వెతుకుతున్నాడు. క్లినిక్కు ఎందుకు మూశారన్నాడు. ఖతీజా ఆపా వసారా గుమ్మంలో నిలబడి, వద్దని తల ఊపింది. ఆమె కళ్లలో బతిమాలడం. సున్నం అంటే చాలు. ఆయన నవ్వి, చదరంగం బల్ల తెచ్చుకుంటాడు. ఈ సాయంత్రం బాగుంటుంది.

నిన్నటి పిల్లాడికి మలేరియా అట. తగ్గుతోందని కబురు వచ్చింది. బాబాయి సిరంజిలోకి ఎక్కిస్తున్నది ఏ మందో ఖతీజా ఆపా చూసిందట, నాకు చెప్పలేదు. నేను అడగలేదు. రేపు అడుగుతాను.

బాబాయిని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి చెప్పాను. మొదటి నుంచీ, ఏదీ వదలకుండా, మాటలకు అలంకారం లేకుండా. ఆయన తన కుడి చేతిని ఎడమ చేతితో పట్టుకున్నాడు.

"ఏ వేలు?" అన్నాడు.

నిన్న కూడా ఇదే అడిగాడు.

"చూపుడు వేలు, బాబాయ్."